కెమేరా కంటిలో నలుసు

గుర్రంకొండకు పోయి కోటను ఫోటో తీయక తిరిగి వచ్చువారు అరుదు. బాటమీదినుండి చూచినను, ఊరి చెంతనున్న మక్బరా గుమ్మటము ప్రక్కనుండి చూచినను, ఆ కొండ నిట్టనిలువుగా ఆకాశములోనికి లేచి కనబడును. వేసవిలో ఆ ఆకాశము మబ్బుతునక లేక తోమిన పళ్ళెమువలె ఉండును. కొండను, ఆకాశమును, క్రిందనున్న రంగీన్ మహలును ఒకే చిత్రములో స్పష్టముగా పట్టవలెనని ఫోటో తీయువారు లెన్సు ద్వారమును బాగుగా ముడిచి మీట నొక్కుదురు. ఇంటికి వచ్చి కంప్యూటరు తెరమీద పెద్దది చేసి చూచునప్పటికి, కొండకు ఎడమవైపున, ఆకాశములో, బూడిదరంగు చుక్క యొకటి. అది పక్షి కాదు, గాలిపటము కాదు. తరువాతి చిత్రములోను అది అచ్చటనే యున్నది. తరిగొండ గుడి గోపురముపైనను అదే చుక్క. హార్స్‌లీ కొండల మీద తీసిన చిత్రములోను అదే చుక్క. ఊళ్ళు మారినవి, ఆకాశములు మారినవి, చుక్క మాత్రము కదలలేదు.

దీనికి కారణము దుమ్ము. అదియును లెన్సుమీది దుమ్ము కాదు. లెన్సు ముందటి గాజుపై వ్రేలిముద్ర పడినను చిత్రములో అది చుక్కగా కనబడదు. చిత్రము కొంచెము వెలవెలబోవును, ఎదురెండలో తీసినప్పుడు మసక కమ్మును, అంతియే. చుక్కలు పెట్టునది కెమేరా లోపల, లెన్సునకు వెనుక, సెన్సరు మీద చేరి కూర్చున్న నలుసు. కంటిలో నలుసు పడినవాడు ఎటు చూచినను దానినే చూచునట్లు, ఆ కెమేరా ఏ వస్తువును చూచినను తన కంటిలోని నలుసును కూడ కలిపి చూచును.

సెన్సరు అనగా ఒకప్పుడు ఫిలిము ఉండిన చోటికి వచ్చిన సిలికాను పలక. వెలుతురును విద్యుత్తుగా మార్చి లెక్కగట్టుట దాని పని. 1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో విలర్డ్ బాయిల్, జార్జి స్మిత్ అను ఇరువురు సి.సి.డి. అను సాధనమును కనిపెట్టిరి. అందులకు వారికి 2009లో నోబెల్ బహుమానములో భాగము లభించినది. 1975లో కొడాక్ సంస్థ ఇంజనీరు స్టీవెన్ శాసన్ ఇట్టి పలకతో మొదటి డిజిటల్ కెమేరాను కూర్చెను. దాని బరువు మూడున్నర కిలోలకు పైమాట. దాని పలకలో నిలువున నూరు, అడ్డముగా నూరు, వెరసి పదివేల బిందువులు. ఒక్క చిత్రమును క్యాసెట్టు టేపుమీదికి ఎక్కించుటకు 23 సెకన్లు పట్టెడిది. నేటి పెద్ద కెమేరాలలో 36 మిల్లీమీటర్ల పొడవు, 24 మిల్లీమీటర్ల వెడల్పు గల పలకమీద అడ్డముగా ఆరువేలు, నిలువున నాలుగువేలు, అనగా రెండుకోట్ల నలువది లక్షల బిందువులు ఉండుట సామాన్యము. లెక్కవేసి చూచినచో ఒక్కొక్క బిందువు వెడల్పు 0.006 మిల్లీమీటరు మాత్రమే. మన తలవెండ్రుక మందము ఇంచుమించు 0.07 మిల్లీమీటరు. వెండ్రుకకంటె సన్ననిదై, 0.05 మిల్లీమీటరు వెడల్పు గల ధూళికణము ఒకటి ఆ పలకమీద వ్రాలిన, ఏబదికి మించిన బిందువులను కప్పివేయును. చేతిమీద పడినచో తెలియనైన తెలియని నలుసు అది.

ఫిలిము కాలమున దుమ్ము లేదా యని అడుగవచ్చును. ఉండెడిది. కాని అప్పుడు ప్రతి చిత్రమునకు క్రొత్త ఫిలిము ముక్క ముందునకు వచ్చుచుండెను గనుక, దానిపై పడిన నలుసు ఆ ముక్కతోనే వెళ్ళిపోయెడిది. నెగటివు మీద అంటుకొన్న దుమ్ము ముద్రణలో తెల్లచుక్కగా తేలెడిది. స్టూడియోలో సన్నని కుంచె పట్టిన పనివాడు దానిని రంగుతో పూడ్చెడివాడు. ఇప్పటిది నల్లచుక్క, మాసినచుక్క. వెలుతురును నేరుగా అడ్డగించుచున్నది గనుక దాని నీడయే చిత్రములో పడుచున్నది. రేడియో వినువారికి ఈ భేదము వేరొక ఉపమానముతో సులభముగా బోధపడును. గ్రామఫోను రికార్డు గాడిలో దుమ్ము పడినచో ఆ పాటలో ఆ ఒక్క చోటనే 'టక్కు'మనును. దుమ్ము ముల్లునకే చుట్టుకొన్నచో ఆ పూట వేసిన ప్రతి పాటయు బొంగురుపోవును. ఫిలిముమీది దుమ్ము రికార్డుమీది దుమ్మువంటిది; సెన్సరుమీది దుమ్ము ముల్లుమీది దుమ్ము.

చేతిలోని సెల్‌ఫోనుతోనే ఫోటోలు తీసికొను కుటుంబములకు ఈ బాధ ఇంచుమించు లేదనియే చెప్పవచ్చును. దాని లెన్సు ఊడిరాదు; సెన్సరు లోపల మూయబడి యుండును. లెన్సులను మార్చి మార్చి బిగించు కెమేరాలకే ఈ చిక్కు. పెండ్లి ఫోటోలు తీయువారికి, పక్షులను, కోటలను, శాసనములను చిత్రించువారికి ఇది నిత్యానుభవము. లెన్సు తీసిన ప్రతిసారియు కెమేరా నోరు తెరచుకొనును. లోపలికి ఏమి పోవునో ఎవరు చూడగలరు?

ఇచ్చట ఒక విచిత్రమున్నది. కెమేరాలో నలుసు ఎల్లప్పుడు నుండియు, కొన్ని చిత్రములలో కనబడును, కొన్నింటిలో కనబడదు. ఉదయము పెండ్లిపందిట్లో తీసినవన్నియు శుభ్రముగా ఉండును. మధ్యాహ్నము గుడి మెట్లమీద బంధువులందరిని నిలిపి తీసిన గుంపు ఫోటోలో ఆకాశము నిండ చుక్కలు. కెమేరాకు మధ్యలో ఏదో అయినదని యజమాని భ్రమపడును. అయినది ఏమియు లేదు. మారినది లెన్సు ద్వారము.

నలుసు నిజమునకు సిలికాను పలకనే అంటి యుండదు. పలకకు ముందు వడపోత గాజు ఒకటి అమర్చబడి యుండును. నలుసు దానిమీద కూర్చుండును. గాజు పైముఖమునకును పలకకును నడుమ ఒకటి రెండు మిల్లీమీటర్ల ఎడము. లెక్క సులువగుటకు రెండు మిల్లీమీటర్లు అనుకొందము. లెన్సునుండి వచ్చు వెలుతురు ఒక శంకువువలె సన్నగిల్లుచు వచ్చి పలకమీద బిందువగును. ఎఫ్ 2.8 వద్ద ద్వారము విశాలముగా తెరచియున్నప్పుడు, ఆ శంకువు గాజును దాటుచోట దాని వెడల్పు రెండును 2.8తో భాగించగా వచ్చునది, అనగా 0.7 మిల్లీమీటరు. అందులో 0.05 మిల్లీమీటరు నలుసు అడ్డగించు వెలుతురు నూటికి అరవంతు. అంత చిన్న లోటును కన్ను పట్టదు. అదే ద్వారమును ఎఫ్ 22 వరకు ముడిచినచో శంకువు వెడల్పు 0.09 మిల్లీమీటరునకు తగ్గును. అదే నలుసు ఇప్పుడు నూటికి ముప్పదివంతుల వెలుతురును మ్రింగును. నలుసు పెరుగలేదు, వెలుతురు బాట ఇరుకైనది. విశాలమైన వీథిలో నిలిచిన ఎద్దును ఎవరును పట్టించుకొనరు. సందులో నిలిచినచో రాకపోకలు ఆగిపోవును.

పందిట్లో వెలుతురు తక్కువ గనుక ద్వారమును తెరచి తీయుదురు, నలుసు దాగును. బయట ఎండలో, అందరి ముఖములు స్పష్టముగా రావలెనని ఎఫ్ 11, ఎఫ్ 16 వరకు ముడుతురు, నలుసు బయటపడును. ఫోటోగ్రాఫరునకు అసలు నష్టము ఇచ్చటనే కలుగుచున్నది. కెమేరా వెనుకనున్న చిన్న తెరమీద అది కనబడదు. ఆల్బము అచ్చువేయించిన పిమ్మట పెండ్లికూతురి పినతండ్రి నుదుట రెండవ బొట్టువలెనో, పసిబిడ్డ చెక్కిలిపై దిష్టిచుక్కవలెనో తేలును. దిష్టిచుక్క అయిన మంచిదే గదా యని నవ్వి ఊరకుండువారు కొందరుందురు గాని, డబ్బిచ్చినవారు అందరు అట్లు నవ్వరు. పైగా ఆ బంధువులందరు మరల ఒకచోట కూడుట ఎప్పటికో! కొందరు కూడకయే పోవచ్చును.

మన మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతములలో దుమ్మునకు కొదువ లేదు. ఇది ఎర్రనేల, వానలు తక్కువైన సీమ. వేసవిలో సుడిగాలి లేచినచో బీడుభూమిలోని ధూళి తాటిచెట్టెత్తు లేచును. ఆషాఢపు గాలి సంగతి చెప్పనక్కరలేదు. చెనక్కాయ కళ్ళముల కాలమున పొట్టు గాలిలో తేలును. పుంగనూరు పొట్టి ఆవులను ఫోటో తీయవలెనని దూరమునుండి వచ్చువారు సాయంకాలము గోధూళివేళనే కోరుదురు. ఏటవాలు ఎండలో మందల గిట్టలనుండి లేచు దుమ్ము బంగారుపొడివలె మెరయును గనుక ఆ చిత్రము రమ్యముగా ఉండునన్నది నిజమే. కాని ఆ బంగారుపొడిలో నిలిచి లెన్సు మార్చుట, వడగండ్లవానలో ఇంటి తలుపులు తీసిపెట్టుటవంటిది. ఆ వేళకు ఏ లెన్సు కావలెనో ముందుగనే బిగించుకొని పోవలెను.

బయటి దుమ్ముకంటెను పెండ్లియింటి దుమ్ము చెడ్డది. తలంబ్రాల బియ్యములోని తవుడు, పసుపు, గంధపుపొడి, హోమధూమములోని నేతిజిడ్డు, కర్పూరపు మసి, అగరువత్తి బూడిద — ఇవన్నియు ఒక చదరపు గదియంత వేదికపై ఒకే గడియలో గాలిలోనికి లేచును. ఎండిన మట్టినలుసు గాలి ఊదినచో ఎగిరిపోవును. పసుపు, పుప్పొడి, జిడ్డుతో కలసిన మసి అట్లు పోవు. అవి గాజునకు అతుకుకొనును. తలంబ్రాల వేళ లెన్సు మార్చవలసి వచ్చినచో వేదిక దిగి, గాలికి వీపు పెట్టి, ఫ్యాను లేని మూలకు పోయి మార్చుట మేలు. స్థోమత గల ఫోటోగ్రాఫర్లు రెండు కెమేరాలకు రెండు లెన్సులు బిగించుకొని, పెండ్లి ముగియువరకు వాటిని ఊడదీయకుందురు. అది ఆడంబరము కాదు, పొదుపే.

లెన్సు మార్చుటకును ఒక పద్ధతి యున్నది. మొదట కెమేరాను ఆపివేయవలెను. దువ్వెనను తలకు రాచినప్పుడు కాగితపు ముక్కలు దానికి అంటుకొనునట్లు, విద్యుదావేశము గల తలములు ధూళిని లాగుకొనును. క్రొత్త లెన్సు వెనుక మూతను ముందుగా వదులు చేసి చేతికి అందుబాటులో ఉంచుకొనవలెను. కెమేరా నోరు నేలవైపు ఉండునట్లు పట్టి, పాతది తీసి, క్రొత్తది వెంటనే బిగించవలెను. మూతల లోపలి దుమ్మును చాలమంది మరతురు. జేబులో వేసికొన్న మూతకు జేబులోని నూలుపోగులు అంటును. ఆ మూత పెట్టిన లెన్సు ఆ పోగులను కెమేరాలోనికి మోసికొనిపోవును. సంచి లోపలి దుమ్మును దులుపుట కూడ ఈ లెక్కలోనిదే.

హార్స్‌లీ కొండలవంటి చల్లని చోటునుండి క్రిందికి దిగువారు మరియొక విషయము గమనింపవలెను. చల్లబడిన కెమేరాను ఉక్కగాలిలో వెంటనే తెరచినచో లోపలి తలములపై చెమ్మ పట్టును. చెమ్మ తగిలిన పొడిదుమ్ము ఆరిన పిదప మరకగా మారును. సంచి మూసి అరగంటయో గంటయో ఉంచి, కెమేరా బయటి వేడికి అలవాటుపడిన తరువాత తెరచుట మంచిది.

ఇంత చేసినను నలుసు పడకమానదు. పడినదో లేదో తెలిసికొనుటకు ఇంటిలోనే పరీక్ష చేయవచ్చును. లెన్సు ద్వారమును ఎఫ్ 16 లేక 22 వరకు ముడువవలెను. ఐ.ఎస్.ఓ. 100 వద్ద పెట్టవలెను. స్వయముగా గురిచూచు ఏర్పాటును మాన్పి, దృష్టిని అనంతదూరమునకు నిలుపవలెను. అప్పుడు సూర్యుడు లేని వైపు ఆకాశమునో, దగ్గరగా నిలిచి సున్నము వేసిన గోడనో, మీట నొక్కునప్పుడు కెమేరాను కొంచెము కదల్చుచు చిత్రింపవలెను. కదలుటవలన గోడమీది మరకలు చెదరిపోవును. కెమేరాలోని నలుసులు కెమేరాతోపాటే కదలును గనుక చెదరక నిలుచును. ఆ చిత్రమును తెరమీద పెద్దది చేసి చూడవలెను. మొదటిసారి చూచినవారికి గుండె ఝల్లుమనును. అంత భయము అక్కరలేదు. రెండు మూడు చుక్కలు లేని కెమేరా లోకములో అరుదు. ఎఫ్ 8 వద్ద కనబడని చుక్కకొరకు సెన్సరును తాకుట నా దృష్టిలో తెలివి కాదు. అద్దము గల ఎస్.ఎల్.ఆర్. కెమేరా కంటి గవాక్షములో కనబడు నలుసులు వేరు. అవి చూచుటకు చికాకేగాని చిత్రములోనికి రావు.

చుక్క ఎచ్చట నున్నదో గుర్తుంచుకొనుట మంచిది. లెన్సు చిత్రమును తలక్రిందులుగా పలకమీద వేయును. కావున చిత్రములో ఎడమవైపు పైమూలనున్న చుక్కకు కారణమైన నలుసు, మనము కెమేరా నోటిలోనికి ఎదురుగా చూచినప్పుడు, ఎడమవైపు క్రిందిమూల నుండును. ఈ సంగతి తెలియక శుభ్రముగా నున్న మూలను పదిసార్లు తుడిచి, నలుసును దాని చోటనే విడిచినవారు కలరు.

శుభ్రపరచుటలో మొదటి మెట్టు మనము చేయునదే కాదు, కెమేరాయే చేసికొనును. 2003లో ఒలింపస్ సంస్థవారు ఈ-1 అను కెమేరాలో సెన్సరు ముందటి గాజును చెవికి వినబడని వేగముతో కంపింపజేసి దుమ్ము దులుపు ఏర్పాటును ప్రవేశపెట్టిరి. తరువాత తక్కిన సంస్థలును ఆ మార్గమునే పట్టినవి. అందుచేత ముందుగా కెమేరా పట్టికలోని శుభ్రపరచు ఏర్పాటును రెండు మూడుసార్లు నడిపి చూడవలెను. పొడిదుమ్ము చాలవరకు ఇంతతోనే రాలును.

రెండవ మెట్టు గాలి. ఇందుకు రబ్బరు బుడ్డి కావలెను; నొక్కినచో ముక్కునుండి గాలి చిమ్మునట్టిది, ఫోటో సామానుల అంగళ్ళలో దొరకును. బ్యాటరీని పూర్తిగా నింపి, పట్టికలో సెన్సరు శుభ్రపరచుటకు ప్రత్యేకించిన ఏర్పాటును ఎన్నుకొన్నచో లోపలి అద్దము పైకి లేచి, షట్టరు తెరచుకొని నిలుచును. నడుమ బ్యాటరీ అయిపోయినచో ఆ రెండును టప్పున పడును. లోపల ఏ పరికరమున్నను షట్టరు రేకులు చెడును. కెమేరా నోరు క్రిందికి పట్టి, బుడ్డి ముక్కు లోపలికి దూరకుండ, పదిసార్లు గట్టిగా ఊదవలెను. ముందుగా బుడ్డిని కెమేరాకు దూరముగా నాలుగైదుసార్లు నొక్కి, దానిలోని దుమ్మును విడిపింపవలెను. నోటితో ఊదరాదు, ఉమ్మి తుంపర పడినచో పొడినలుసు స్థానమున తడిమరక వచ్చును. డబ్బాలలో అమ్ము నొక్కుడు గాలియు పనికిరాదు. అందులోని ద్రవము చిమ్మి గాజుపై పడవచ్చును, దాని ఒత్తిడికి లోపలి సున్నితమైన రేకులు వంగవచ్చును. అద్దము లేని క్రొత్త తరహా కెమేరాలలో సెన్సరు లెన్సు తీయగానే ఎదుట కనబడును. దుమ్మునకు అది అనుకూలము, మనకును అనుకూలమే. అయితే కొన్నింటిలో చేతివణుకును సరిచేయుటకు సెన్సరు తేలియాడునట్లు అమర్చియుందురు; దానిని ఒత్తరాదు.

పదింట ఎనిమిది నలుసులు ఈ రెండు మెట్లతోనే పోవునని నా అభిప్రాయము. మిగిలినవి పసుపు, జిడ్డు, పుప్పొడి. వీనికి మూడవ మెట్టు, తడి తుడుపు. సెన్సరు వెడల్పునకు సరిపోవునట్లు చేసిన చిన్న తెడ్డువంటి స్వాబులు పొట్లములలో మూసి వచ్చును. దాని అంచున అందులకై తయారుచేసిన ద్రవమును రెండు మూడు చుక్కలు మాత్రమే వేయవలెను. ఈ ద్రవములలో కొన్నింట మిథైల్ ఆల్కహాలు ఉండును. అది త్వరగా ఆరును, మరక మిగుల్చదు. కాని త్రాగినచో విషము, నిప్పు సోకినచో మండును. దీపము దగ్గర, పిల్లల చేతికందు చోట పెట్టరాదు. ఒక అంచునుండి మరియొక అంచువరకు ఒకే ఒత్తిడితో, నడుమ ఆపక, ఒక్కసారి జరపవలెను. స్వాబును త్రిప్పి రెండవ ముఖముతో వెనుకకు ఒక్కసారి. అంతటితో దానిని పారవేయవలెను. అదే స్వాబుతో మూడవసారి తుడుచుట దుమ్మును తీయుట కాదు, గరుకు రాచుట. తుడుచుటకు ముందు గాలి ఊదితీరవలెననుటకును కారణమిదే: ఇసుకరేణువు ఒకటి మిగిలియున్నచో తుడుపు గీతయగును. నలుసు పోవును, గీత పోదు.

పంచె అంచు, చెవిలో పెట్టుకొను దూదిపుల్ల, కళ్ళద్దములు తుడుచు మందు, చేతులు కడుగు స్పిరిట్టు, గోళ్ళరంగు తుడుచు ద్రవము — వీనిలో ఏదియు సెన్సరు దరిదాపులకు పోరాదు. ఎవరో చేసిరని విని చేయదగిన పని కాదిది. చేయి వణకువారును, మొదటిసారి చేయువారును మూడవ మెట్టును సంస్థవారి మరమ్మతు కేంద్రమునకో, అనుభవము గల పనివానికో విడుచుట మంచిది. సెన్సరు చెడినచో దానిని మార్చుటకగు వ్యయము కొన్నిసార్లు కెమేరా వెలకు దగ్గరగా వచ్చును. చిన్న ఊళ్ళలో స్టూడియో నడుపు వానికి అది ఒక పెండ్లికాలపు సంపాదన.

దుమ్మంతయు బయటినుండియే వచ్చునని అనుకొనరాదు. షట్టరు రేకులు లక్షసార్లు తెరచి మూయు యంత్రములు. ఆ రాపిడిలో రేణువులు రాలును, కందెన తుంపరలు ఎగురును. 2012లో వెలువడిన నికాన్ డి600 కెమేరా విషయములో ఇది ప్రపంచమంతట చర్చనీయమైనది. క్రొత్త కెమేరాలలోనే చిత్రముల మూలలందు చుక్కలు కనబడెను. 2013 ఫిబ్రవరిలో ఆ సంస్థవారు సలహా ప్రకటించిరి. అదే యేట డి610 అను మరియొక నమూనా వచ్చెను. 2014లో డి600 యజమానులకు షట్టరు మార్చుటతో సహా ఉచితముగా బాగుచేయుదుమని ప్రకటించిరి. కావున క్రొత్త కెమేరాలో చుక్కలు చూచిన వెంటనే తమ అజాగ్రత్తయే కారణమని కొనినవారు నొచ్చుకొననక్కరలేదు. కొన్ని వందల చిత్రములు తీసిన పిమ్మట ఒకసారి శుభ్రము చేయించినచో పెక్కు కెమేరాలు కుదుటపడును.

ఈ నలుసులతో మనకంటె ఎక్కువ కాలము, ఎక్కువ ఓర్పుతో వేగినవారు ఖగోళ శాస్త్రజ్ఞులు. కుప్పమునకు ఆగ్నేయదిశగా, తమిళనాడులోని వాణియంబాడి సమీపమున, జవ్వాది కొండలలో కావలూరు వేధశాల కలదు. హైదరాబాదులో పెరిగి, నిజాం కళాశాలలో చదివిన వైణు బప్పుగారు ఆ చోటును ఎన్నుకొని వేధశాలను నెలకొల్పిరి. 1982లో వారు స్వర్గస్థులైన పిమ్మట, 2.34 మీటర్ల దర్పణము గల దూరదర్శినికి 1986లో వారి పేరు పెట్టిరి. ఇట్టి వేధశాలలలో నక్షత్రకాంతిని పట్టునది కూడ సి.సి.డి. పలకయే. అచ్చటను దుమ్ము పడును. అయితే అచ్చటి నలుసు నీడ చుక్కగా గాక, నడుమ బోలుగా నున్న గారెవలె కనబడును. పెద్ద దర్పణమునకు ముందు నడుమ చిన్న దర్పణము అడ్డముగా నుండును గనుక వచ్చు వెలుతురే ఉంగరపు ఆకారములో వచ్చును. నలుసు నీడయు ఆ రూపమునే దాల్చును.

వారు ప్రతిదినము ఆ గాజును తుడువబూనరు, లెక్కతో తుడుతురు. సంధ్యవేళ నక్షత్రములు పొడచూపక మునుపు, ఆకాశము అంతట సమానముగా వెలుగుచున్నప్పుడు ఒక చిత్రము తీయుదురు. అందులో ఎక్కడెక్కడ ఎంత వెలుతురు తగ్గినదో తెలియును. తక్కిన చోట్ల నూరు వచ్చినప్పుడు ఒక బిందువున తొంబదియే వచ్చినచో, ఆ బిందువు రాత్రి అంతయు నూటికి పది తక్కువగనే చెప్పునన్నమాట. రాత్రి తీసిన చిత్రమును ఈ సంధ్య చిత్రముతో బిందువునకు బిందువుగా భాగించినచో నలుసు నీడలన్నియు మాయమగును. ఒక్కటే నియమము: రెండు చిత్రముల నడుమ నలుసు కదలరాదు. మన కెమేరాలలో కొన్నింట తెల్లకాగితమును చిత్రించి నలుసుల పటమును సిద్ధము చేసి, దానిని బట్టి తరువాత కంప్యూటరులో చుక్కలను పూడ్చు ఏర్పాటు కలదు. అది ఈ ఉపాయమునకు చెల్లెలు. పెండ్లిచిత్రములు వేయి తీసిన తరువాత చుక్క బయటపడినను అంతయు పోయినదని అనుకొననక్కరలేదు. చుక్క అన్నింటిలో ఒకే చోట నున్నది గనుక, ఒక చిత్రములో పూడ్చిన పూడికను తక్కినవాటికిని ఒకేసారి వర్తింపజేయు సదుపాయము చిత్రములు దిద్దు ప్రోగ్రాములలో ఉన్నది. ముఖముల మీదను, చీర జరీ అంచులమీదను పడిన వాటిని మాత్రము ఒక్కొక్కటిగా చూచుకొనవలెను.

పూడ్చుట తగని చోటు ఒకటి కలదు. శాసనములు, తాళపత్రములు చిత్రించువారు దీనిని గట్టిగా పట్టించుకొనవలెను. మన సీమలో గుడిగోడలమీదను, పొలముగట్లమీదను రాతిశాసనములు ఇంకను కొల్లలుగా ఉన్నవి; తిరుపతి ప్రాచ్య పరిశోధనాలయమువంటి చోట్ల తాళపత్రములు భద్రముగా ఉన్నవి. తెలుగులో ఒక్క సున్న చాలును అర్థము మారుటకు. 'బడి' ప్రక్కన చుక్క పడినచో 'బండి' యగును. 'గడి' 'గండి' యగును. అరిగిన రాతిమీద, మాసిన ఆకుమీద, గుండ్రముగా మెత్తని అంచుతో నుండు నలుసునీడ సున్నగా భ్రమగొల్పుట కష్టము కాదు. పైగా రాతి గరుకంతయు స్పష్టముగా రావలెనని అట్టివారు ద్వారమును బాగుగా ముడిచియే తీయుదురు. నలుసునకు అదియే అనువైన వేళ. కంప్యూటరు దానిని నలుసని తలచి పూడ్చినను చిక్కే, నిజమైన సున్నను నలుసని పూడ్చిన మరింత చిక్కు. ఇందుకు చేయవలసినది కష్టమైనది కాదు. ప్రతి ఫలకమును రెండుసార్లు చిత్రింపవలెను. మొదటి చిత్రము తీసిన తరువాత కెమేరాను నాలుగు వ్రేళ్ళ మేర ప్రక్కకు జరిపి రెండవది తీయవలెను. రాతిమీది సున్న రాతితోపాటు చిత్రములో జరుగును. కెమేరాలోని చుక్క తన మూలనే ఉండును. రెండింటిని ప్రక్కప్రక్కన పెట్టి చూచినచో ఏది శిల్పి చెక్కినదో, ఏది గాలి తెచ్చినదో చదువువానికి తెలియును.